తల్లి మీద నీడ పడరాదు

మద్రాసులో తెలుగు సినిమా తీసేవాళ్ళందరికీ ఒక్కసారిగా హత్యాకథల పిచ్చి పట్టిన రోజులవి. మౌంటురోడ్డు హాళ్ళలో ఇంగ్లీషు నేరాల సినిమాలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. అన్నిట్లోనూ వాన, మెట్లు, గోడ మీద కిటికీ చువ్వల నీడలు ఉండేవి, టోపీ తీయని డిటెక్టివు ఉండేవాడు. సిగరెట్టు కాలుస్తూ తన బతుకు తాను బతికే ఆడమనిషి కూడా తప్పకుండా ఒకతె ఉండేది. ఆవిడకు హోటలో దుకాణమో ఉండేది గాని పిల్లలు ఉండేవారు కాదు. ఒకవేళ ఉన్నా, సినిమా సగమయ్యేసరికి వాళ్ళేమయ్యారో ఎవరూ చెప్పేవారు కాదు. ఆఖర్న ఆవిడకు తుపాకీ గుండు తగిలేది. పిల్లల్ని కన్న ఆడవాళ్ళు వేరే ఉండేవారు. వాళ్ళు మంచి వెలుతురున్న వంటింట్లో నిలబడేవారు, వాళ్ళకు కథతో పనుండేది కాదు.

నేను అప్పుడు తాడికొండ పిచ్చయ్యగారి కంపెనీలో మాటల రచయితని. పిచ్చయ్యగారు గుంటూరు పొగాకు వ్యాపారి. నిర్మాతా ఆయనే, దర్శకుడూ ఆయనే. సిగరెట్లు తాగే సినిమా తీయడం తన వ్యాపారానికి తాను చేసుకునే సేవ అని నిజంగా నమ్మేవాడు. ఆయన కోసం నేను రాసిన కథ పేరు 'కిటికీ నీడ'. అందులో సరళ అనే ఆవిడ, మొగుడు వదిలేసి పోతే, గుంటూరులో గోళీసోడా ఫ్యాక్టరీ పెట్టుకుని పసిపిల్లని పెంచుకుంటూ ఉంటుంది. ఫ్యాక్టరీ కాజేద్దామని వచ్చిన పెద్దమనిషి ఒకడు సోడాసీసా దెబ్బకి చచ్చిపడి ఉంటాడు. డిటెక్టివు ఆవిణ్ణే అనుమానిస్తాడు. చివరికి ఆవిడ నిర్దోషి అని తేలి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ సోడాలు కొట్టుకుంటుంది. ఇందులో తప్పేముందో నాకిప్పటికీ అర్థం కాదు.

తప్పుందని సర్కారు కనిపెట్టింది. ఎవరో పలుకుబడి గల పెద్దమనిషి భార్య ఇలాంటి సినిమా ఒకటి చూసొచ్చి, తనకూ ఒక దుకాణం పెట్టించమని భోజనాల దగ్గర అడిగిందట. ఆయన ఆ పూట సరిగా భోంచెయ్యలేదు. దాంతో చలనచిత్ర మాతృత్వ పరిరక్షణ మండలి వెలిసింది. మండలిలో అందరూ మగవాళ్ళే. అధ్యక్షులు ఆకెళ్ళ పురుషోత్తంగారు పశుసంవర్ధక శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు. మాతృత్వం గురించి ఆయనకున్న పరిచయమంతా ఒంగోలు ఆవులతోనే. ఆ ఆవులు ఆయన్ని ఎంతో గౌరవించేవని ఆయనే చెప్పేవారు.

మండలి నిబంధనలు చిన్నపిల్లలకైనా అర్థమయ్యేంత తేలిగ్గా ఉన్నాయి. తెర మీది ఆడవాళ్ళు రెండు రకాలు: మాతృమూర్తులు, తమ సంపాదన మీద బతికే స్వార్జిత స్త్రీలు. మాతృమూర్తి ముఖం మీద నీడ పడరాదు. మాతృమూర్తి మెట్లు ఎక్కవచ్చు, స్వార్జిత స్త్రీ దిగాలి. మాతృమూర్తి డబ్బు సంపాదించరాదు. మరీ గతిలేకపోతే కుట్టుమిషను తొక్కవచ్చు గాని, ఆ తొక్కడం వల్ల దగ్గు రావాలి. స్వార్జిత స్త్రీ 'శుభం' అనే అట్ట పడేలోగా చచ్చిపోవాలి. ఒకే ఆడది రెండు రకాలూ అయ్యే ప్రసక్తే లేదు గనక దానికి నిబంధన రాయలేదు.

మా కథ పట్టుకుని పిచ్చయ్యగారూ నేనూ మండలి ముందుకు వెళ్ళాం. పురుషోత్తంగారు కళ్ళజోడు సవరించుకుని, సదరు సరళ అను పాత్ర ఏ కోవకు చెందునని అడిగారు. రెండింటికీ అన్నాను. సోడాలు కొట్టి పిల్లని సాకుతుందండీ అని వివరం కూడా చెప్పాను. ఆయన నా వంక జాలిగా చూశారు.

"నా ఉద్యోగకాలమంతయు పాడిపశువుల రిజిస్టరు వేరు, కాడిపశువుల రిజిస్టరు వేరు. ఒకే పశువు రెండింటను నమోదగుట నేనెరుగను" అన్నారు.

సరళ పశువు కాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కాని అప్పటికి నాకు ఇంకో సినిమా చేతిలో లేదు. పిల్లని తీసెయ్యమని ఒక సభ్యుడు, సోడామిషను తీసేసి కుట్టుమిషను పెట్టమని ఇంకో సభ్యుడు సలహా చెప్పారు. పిచ్చయ్యగారికి చిర్రెత్తుకొచ్చింది. సోడామిషను అప్పటికే గుంటూరు నుంచి లారీ మీద వేయించుకొచ్చి సెట్టులో బిగించేశాడాయన. పిల్ల లేకపోతే ఆడవాళ్ళు సినిమాకి రారు.

"ఏందండీ ఈ గోల. మీకు ఇద్దరు కావాల, అంతేగా? డబలు యాక్షను పెడతా. అక్కా చెల్లెలు. చెల్లెలు సోడాలు కొట్టుకుంటది, అక్క పిల్లనెత్తుకుంటది. ఇద్దరూ ఒక్క మనిషే చేస్తది. సరిపోయిందా?" అన్నాడు.

మండలి మొహాలు విప్పారాయి. ఒక స్త్రీని మధ్యకి చీల్చి రెండు రిజిస్టర్లలో రాసుకోవచ్చని అంతకుముందు ఎవరికీ తట్టలేదు. పిచ్చయ్యగారి సమయస్ఫూర్తిని మినిట్సులో ప్రశంసించారు. చెల్లెలు ఆఖరి రీలులో మెట్ల మీద నుంచి పడి చచ్చిపోవాలని ఒక షరతు మాత్రం పెట్టారు. నేను ఇంటికెళ్ళి సరళని రెండు ముక్కలు చేశాను. అక్క పేరు విమల అని పెట్టాను.

ఆ వేషాలు కట్టింది తిలకం. రాజమండ్రి నాటకాల్లోంచి వచ్చిన మనిషి. మొగుడు బొంబాయి వెళ్ళి ఉత్తరం ముక్క కూడా రాయలేదు. రాయకపోవడమే మంచిదైందండీ, చదివే తీరికెక్కడిది అనేది. ఇంట్లో చూసేవాళ్ళు లేక కూతురు బుజ్జిని రోజూ స్టూడియోకి తెచ్చుకునేది. బుజ్జికి నాలుగేళ్ళుంటాయేమో. మేకప్పు గదిలో జంతికలు నములుతూ, తల్లి మొహం మారినప్పుడల్లా ఒకసారి తేరిపార చూసి, అమ్మే అని నిర్ధారణ చేసుకుని మళ్ళీ జంతికల్లో పడిపోయేది.

షూటింగు మొదలైన రోజునే మండలి తరఫున పర్యవేక్షకుడు గరుడాచలం వెలుతురు కొలిచే మీటరు మెళ్ళో వేసుకుని దిగాడు. అక్కాచెల్లెళ్ళు ఒకే ఫ్రేములో కనపడాలంటే కెమెరా ముందు సగం నల్ల అట్టతో మూసి, ఒక వైపు తీసుకుని, ఫిల్ము వెనక్కి తిప్పి, అట్టని రెండో వైపుకి మార్చి మళ్ళీ తీస్తాం. నడిమి గీత దాటి చెయ్యి చాపితే తెర మీద ఆ చెయ్యి తెగిపోతుంది. గరుడాచలం ఈ పద్ధతికి ఎంతో సంతోషించాడు. అక్క వైపు దీపాలన్నీ వెలిగించమన్నాడు. చెల్లెలి వైపు మీ చిత్తం వచ్చినంత చీకటి పెట్టుకోండి అన్నాడు.

చిక్కేమిటంటే, హంతకుడు దాక్కునే బీరువా అక్క వైపు ఉంది. దీపాలన్నీ పడేసరికి బీరువా పక్కన హంతకుడు నఖశిఖపర్యంతం కనపడుతున్నాడు. వాడి మీసం అంటించిన జిగురు కూడా కనపడుతోంది. మద్రాసు ఎండలో ఉన్నికోటు వేసుకున్న డిటెక్టివు, చెమటలు కక్కుతూ, టార్చి లైటుతో వాడి కోసం వాడి ముక్కు ముందే వెతుకుతున్నాడు. పిచ్చయ్యగారు లబోదిబోమన్నాడు.

"హంతకుడు కనబడుట మండలికి అభ్యంతరము కాదు. తల్లి కనబడకుండుటయే అభ్యంతరము" అన్నాడు గరుడాచలం.

నేను ఆ మధ్యాహ్నం కూర్చుని డిటెక్టివుకి చత్వారం పెట్టాను. కళ్ళజోడు గుంటూరు స్టేషన్లో పోయిందని ఒక డైలాగు రాశాను. సినిమా ముందుకు నడిచింది.

అసలు ముప్పు మర్నాడు వచ్చింది. పిల్ల వేషానికి మాట్లాడుకున్న పాపకి జ్వరం తగిలితే, తిలకం ఒప్పుకోగా బుజ్జినే కూర్చోబెట్టాం. తెల్లచీర కట్టుకున్న తిలకం ఒళ్ళో బుజ్జి బుద్ధిగా కూర్చుంది. అక్క వైపు సగం అయిపోయింది. ఫిల్ము వెనక్కి తిప్పారు, అట్ట మార్చారు. తిలకం నల్లచీర కట్టుకొచ్చి, నీడల్లో నిలబడి, సోడామిషను తిప్పడం మొదలుపెట్టింది. పక్కన కూర్చోబెట్టిన బుజ్జి ఎవరూ చూడకుండా వెళ్ళి తల్లి మోకాలు కౌగలించుకుంది. తిలకం తిప్పే చెయ్యి తిప్పుతూనే రెండో చేత్తో దాని తల నిమిరింది. పిచ్చయ్యగారు కట్ చెప్పడం మర్చిపోయాడు.

తీసిన ఫిల్ము కడిగి చూస్తే ఒకే ఫ్రేములో ఇద్దరు తిలకాలు, ఇద్దరు బుజ్జిలు ఉన్నారు. తెల్లచీర ఒళ్ళో ఒక బుజ్జి, నల్లచీర కాళ్ళ దగ్గర ఒక బుజ్జి. కెమెరామన్ మొదలు సోడాలు తెచ్చే కుర్రాళ్ళ దాకా అందరం నవ్వాం. గరుడాచలం నవ్వలేదు. స్వార్జిత స్త్రీకి మండలి ముందస్తు అనుమతి లేకుండా సంతానము కలిగినదని అప్పటికప్పుడు రిపోర్టు రాసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఈ పాప ఎవరిదని వాకబు చేశాడు. ఎవరో అమాయకుడు నిజం చెప్పేశాడు.

తిలకానికి తాఖీదు వచ్చింది. తోడుగా నేను వెళ్ళాను. మండలివారు మెత్తటి కుర్చీల్లో కూర్చుని, ఆమెను కూర్చోమనకుండానే విచారణ మొదలుపెట్టారు. బిడ్డ నీదేనా? నాదేనండి. సంపాదన నీదేనా? నాదేనండి. భర్త ఎక్కడ? తెలియదండి. సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పురుషోత్తంగారు కళ్ళు మూసుకుని తీర్పు చెప్పారు.

"ఒకే స్త్రీ ఉభయమును కాజాలదు. ఈమె ఉభయమునై యున్నది. కావున ఈమె ఒకతె కాదు. ఇద్దరు తిలకములు గలరని మండలి నిర్ధారించుచున్నది."

అందులో తర్కదోషం ఎక్కడుందో నాకు దొరకలేదు, దొరికినా ఎవరూ వినేవాళ్ళు లేరు. రికార్డులో తిలకం ఇద్దరైంది. బిడ్డ మాతృమూర్తి తిలకానికి చెందుతుంది. స్వార్జిత తిలకం డబ్బు ఆ బిడ్డని తాకరాదు. అయితే మాతృమూర్తి తిలకానికి బతుకుతెరువు లేదు కదా అని ఒక సభ్యుడు తెలివిగా ఎత్తిచూపాడు. దానికీ అధ్యక్షుల దగ్గర జవాబు ఉంది. తెర మీద ఏది జరిగితే మండలి దృష్టిలో అదే వాస్తవం. ఆఖరి రీలులో స్వార్జిత చెల్లెలు చావగానే స్వార్జిత తిలకం కూడా చనిపోయినట్టు నమోదు చేసి స్టూడియోలన్నిటికీ తెలియజేస్తారు, ఇక ఎవరూ ఆమెకు వేషం ఇవ్వరాదు. మిగిలిన తిలకానికి సర్కారు ఖర్చుతో కుట్టుమిషను ఇస్తారు. అది ఇష్టం లేక, చెల్లెలే బతకాలంటారా, పిల్లని మండలివారి మాతృసదనానికి పంపించాలి. అక్కడ మండలి స్వయంగా ఎంపిక చేసిన తల్లులు మంచి వెలుతురున్న గదుల్లో సిద్ధంగా ఉన్నారు.

పనైనా వదులుకోవాలి, పిల్లనైనా వదులుకోవాలి. ఇంతే వాళ్ళు చెప్పింది. బయటికొచ్చాక తిలకం గోడకి ఆనుకుని నిలబడిపోయింది. పురుషోత్తంగారు తన ఆవుల్ని కూడా దూడల్నించి ఇలా వేరు చేసి ఉండరు. కాని రాసుకుని బతికేవాడి కోపం ఎవడికి కావాలి. ఏదో ఓదార్పుగా, కుట్టుపని నేర్చుకోవచ్చులే అన్నాను. తిలకం నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"నాకు సూదిలో దారం ఎక్కించడం రాదండీ. నాకొచ్చింది ఒక్కటే పని. అదీ బాగానే వచ్చండీ" అంది.

రిక్షాలో తిరిగొచ్చాం. స్టూడియో గేటు దగ్గర దిగాక ఒక్కసారిగా ఆగింది.

"కవిగారండీ, మన సినిమాల్లో తల్లి చచ్చిపోతే ఎవరికైనా అభ్యంతరం ఉంటదాండీ?"

ఆలోచించాను. తల్లి చావకుండా మనవాళ్ళు సినిమా తీసిందెప్పుడు? మంచం మీద పడుకోబెట్టి, దగ్గించి, మాట తీసుకుని మరీ చంపుతాం. స్వార్జిత స్త్రీ చావాలని నిబంధన ఉంది గాని మాతృమూర్తి చావకూడదని ఎక్కడా లేదు.

"పోయేటప్పుడు తల్లేదడిగితే అది ఇచ్చి తీరాల్సిందే కదండీ. ఎంత చెడ్డవాడైనా కాదనలేడు కదండీ. అయితే నన్ను చంపెయ్యండి, ఆ తెల్లచీర నన్ను" అంది తిలకం.

ఆ పూట నేను రాసినంత వేగంగా ఎప్పుడూ రాయలేదు. పిచ్చయ్యగారు చదివి, తల్లి చచ్చే సినిమా గుంటూరులో వందరోజులు ఆడుద్దని లెక్క కట్టి వెంటనే ఒప్పుకున్నాడు. మాతృమరణ ఘట్టం చిత్రీకరిస్తున్నామని తెలిసి మండలి మొత్తం తరలివచ్చింది. ముందు వరసలో కుర్చీలు వేయించాం. ఒక సభ్యుడు రెండు చేతిరుమాళ్ళు తెచ్చుకున్నాడు.

మంచం మీద తెల్లచీర తిలకం పడుకుంది. అన్ని దీపాలూ ఆమె మొహం మీదే ఉన్నాయి, నీడ పడే సందు ఎక్కడా లేదు. పక్కనే కుట్టుమిషను పెట్టించాను. ఆమె దగ్గిన దగ్గుకి సెట్టు కట్టిన వడ్రంగులు కూడా పని ఆపేశారు. చెల్లీ, నా బిడ్డని నీ చేతుల్లో పెడుతున్నాను, నువ్వు సోడాలు కొట్టి సంపాదించి దీన్ని పెంచుతానని మాటివ్వు అంది. తరవాత అట్ట మార్చి నల్లచీరతో చెల్లెలి ఏడుపు తీశారు.

ఇక చేతిలో చెయ్యి వేయించుకోవాలి. అది లేకపోతే మాట ఇచ్చినట్టు కాదు, జనం ఒప్పుకోరు. నడిమి గీత దాటితే చెయ్యి తెగిపోతుంది. డూపుని పెడదామంటే తిలకానికి సరిపడే చెయ్యి ఎవరికీ లేదు. కెమెరామన్ తల పట్టుకున్నాడు. తిలకమే చెప్పింది: మొహాలు వద్దండీ, చేతులొక్కటే తీసుకోండి. కుడిచేతికి తెల్ల జాకెట్టు చెయ్యి, ఎడమచేతికి నల్ల జాకెట్టు చెయ్యి తొడిగించుకుంది. కెమెరాని దగ్గరికి తెచ్చారు. తిలకం కుడిచేత్తో బుజ్జి చెయ్యి పట్టుకుని, తన ఎడమచేతిలోనే పెట్టుకుని, గట్టిగా మూసింది.

కట్ చెప్పేసరికి మండలి అంతా ఏడుస్తోంది. చేతిరుమాలు తెచ్చుకోని సభ్యులు పక్కవారివి అడిగి పుచ్చుకుంటున్నారు. గరుడాచలం ఒక్కడే లేచి, ఎడమచేతి మీద నీడ ఉన్నది, బిడ్డ స్వార్జిత స్త్రీ హస్తగతమైనది, ఇది నిబంధనలకు విరుద్ధము అనబోయాడు. పురుషోత్తంగారు ముక్కు చీదుకుని వాణ్ణి కూర్చోమన్నారు.

"మరణశయ్య మీది తల్లి వాక్కు సమస్త నిబంధనలకును అతీతము. ఆ మహాతల్లి కోరినది. కాదనుటకు మనమెవ్వరము?" అన్నారు.

తెర మీద జరిగిందే వాస్తవం గనక, మాతృమూర్తి తిలకం కాలధర్మం చెందినట్టు మండలి ఆ సాయంత్రమే నమోదు చేసుకుంది. ఆమె ఆఖరి కోరిక ప్రకారం బిడ్డని స్వార్జిత తిలకానికి అప్పగించారు. మాట నెరవేర్చాలి గనక ఈమె చావరాదని, వేషాలు ఆపరాదని, సంపాదన బిడ్డకే ఖర్చు చేయాలని స్టూడియోలన్నిటికీ తాఖీదులు వెళ్ళాయి. అదే తిలకం బతికుండి, రెండు కాళ్ళ మీద నిలబడి అడిగితే ఇవ్వనిది, చచ్చి అడిగేసరికి కన్నీళ్ళతో ఇచ్చారు. నాకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. పిచ్చయ్యగారు మాత్రం శుభ్రంగా సంతోషించాడు.

ఆ పై వారం మండలి ఆఫీసులో సంతాపసభ పెట్టారు. బల్ల మీద తెల్లచీర తిలకం ఫోటో, దానికి నిలువెత్తు మల్లెదండ, ముందు అగరువత్తులు. పోయినావిడ చెల్లెలు గనక తిలకాన్ని పిలిచారు. ఆమె వేరే కంపెనీ షూటింగు మధ్యలో సగం మేకప్పుతోనే వచ్చి, నిద్రపోతున్న బుజ్జిని భుజాన వేసుకుని వెనక వరసలో నిలబడింది. ఇప్పుడు కూడా ఆమెకు కుర్చీ చూపించినవాళ్ళు లేరు. ఉపన్యాసాలు చాలాసేపు సాగాయి. ఆమె త్యాగం గురించి, సహనం గురించి, ఏనాడూ పైసా సంపాదించని ఆమె పవిత్రత గురించి ఒకరిని మించి ఒకరు మాట్లాడారు.

అంతా అయ్యాక పురుషోత్తంగారు తిలకాన్ని ఫోటో దగ్గరికి పిలిచారు.

"చూచితివా అమ్మా. తల్లి యనగా ఆమె. నీవంటివారికి ఆ గుణములు రమ్మన్న వచ్చునవి కావు. ఆమె కాలిగోరంతయైనను నేర్చుకొని ఈ బిడ్డను పెంచుము."

తిలకం ఆ దండ వంక, ఆ నీడ లేని మొహం వంక చూసింది.

"మంచిదేనండీ పాపం. చేతిలో ఓ పనుంటే బతికుండేది" అంది.

బుజ్జిని రెండో భుజం మీదికి మార్చుకుని, టైమైపోతోందని చెప్పి షూటింగుకి వెళ్ళిపోయింది.